బ్యాగులో పట్టే గేమింగ్ పీసీ కట్టాలంటే ముందు బ్యాగు కొనండి, కేసు తర్వాత

నాది నెలలో పదిహేను రోజులు కూకట్‌పల్లి రూము, పదిహేను రోజులు నరసరావుపేటలో మా ఇల్లు. ఆఫీసోళ్లు హైబ్రిడ్ అన్న దగ్గర్నుంచి ఇదే వరస. పాత పీసీ మిడ్ టవరు, పక్కన గ్లాసు, లోపల ప్రాసెసరుని చల్లబరిచే ఇటుకంత టవర్ కూలరు, కాటా వేస్తే పదమూడు కిలోలు. దాన్ని ఒక సంక్రాంతికి కార్లో వెనక సీట్లో కూర్చోబెట్టి సీటు బెల్టు కూడా పెట్టి తీసుకెళ్లా, పిడుగురాళ్ల దాటాక ఒక స్పీడ్ బ్రేకర్ మీద లోపల ఏదో టక్కుమంది. ఇంటికెళ్లి తెరిచి చూస్తే స్లాటు లాక్ విరిగి గ్రాఫిక్స్ కార్డు ఒక్క స్క్రూ మీద వేలాడుతోంది. ఆ పండగంతా ఫోన్లో లూడో ఆడుకున్నా.

అప్పుడు కట్టుకున్నా చిన్నది. 2024లో కట్టా, ఇప్పటికి ఎన్నిసార్లు బస్సెక్కిందో లెక్కలేదు, ఒక్క స్క్రూ కూడా ఊడలేదు. ఎలా కట్టానో, ఎక్కడ పప్పులో కాలేశానో రాస్తా, మీరు అవే తప్పులు చేయకుండా ఉంటే చాలు.

ముందు ఒక మాట. రోజుకో ఊరు తిరిగేవాళ్లు, కేఫ్‌లో కూర్చుని ఆడేవాళ్లు, హాస్టల్లో మంచం తప్ప టేబుల్ లేనివాళ్లు ఇది కట్టొద్దు, శుభ్రంగా గేమింగ్ ల్యాప్‌టాప్ కొనుక్కోండి. ఆర్‌టీఎక్స్ 4060 అనే గ్రాఫిక్స్ కార్డు సంగతే చూడండి, డెస్క్‌టాప్ కార్డులోనూ ల్యాప్‌టాప్‌లోనూ ఉండేది ఒకటే చిప్పు, కాకపోతే ల్యాప్‌టాప్‌లో కంపెనీని బట్టి 35 నుంచి 115 వాట్ల దాకా ఎంత కరెంటు ఇస్తే అంత పని చేస్తుంది. కాబట్టి స్పీడు కోసం డెస్క్‌టాప్ అనేది సగం నిజమే. నేను డెస్క్‌టాప్ వైపు వెళ్లింది రిపేరు కోసం. ల్యాప్‌టాప్‌లో కార్డు పోతే మొత్తం బోర్డు మార్చాలి, ఇందులో పోయిన ముక్క ఒక్కటీ మారుస్తాం, మూడేళ్లకి కొత్త కార్డు పెట్టుకుంటాం, అదీ కాక ఎండాకాలంలో కీబోర్డు మీద వేళ్లు కాలవు. ఒకచోటికి వెళ్తే కనీసం వారం పది రోజులు ఉండేవాళ్లకి, రెండు ఊళ్ల మధ్య తిరిగేవాళ్లకి ఇది సెట్ అవుతుంది.

ఇక బ్యాగు. చిన్న పీసీ అనగానే అందరికీ లీటర్ల పిచ్చి పడుతుంది, నాలుగు లీటర్ల కేసు (పీసీ సామాన్లన్నీ బిగించే డబ్బా), ఏడు లీటర్ల కేసు అని. నేనూ పడ్డా. కానీ మోసేది కేసొక్కటే కాదు కదా, కీబోర్డు, మౌసు, స్క్రీను, కేబుళ్లు, హెడ్‌ఫోన్సు, పవర్ కార్డు అన్నీ కలిపి మోయాలి. నాలుగు లీటర్ల కేసు కొని మిగతా సామాన్లకి ఇంకో బ్యాగు పట్టుకెళ్తే ఏం లాభం. మన డొమెస్టిక్ ఫ్లైట్లలో క్యాబిన్ బ్యాగు మామూలుగా 55 × 35 × 25 సెంటీమీటర్లు, 7 కిలోలు. ఆ కొలతలో ఉన్న, మెత్తటి గోడలున్న బ్యాగు ఒకటి ముందే కొనేసి, అడుగున ఒక వరస ఫోమ్ వేసి, మిగిలిన ఖాళీని టేపుతో కొలిచి అప్పుడు కేసు వెతకండి. నేను ఉల్టా చేశా, కేసు కొన్నాక బ్యాగు కోసం రెండు నెలలు తిరిగా.

నా కేసు ఫ్రాక్టల్ టెర్రా. 10.4 లీటర్లు, 343 × 153 × 218 మిల్లీమీటర్లు. ఇంతకన్నా చిన్నవి చాలా ఉన్నాయి, డాన్ ఏ4 ఎస్ఎఫ్ఎక్స్ 7.2 లీటర్లే. నాకు టెర్రా నచ్చింది దాని సన్నదనానికి, 153 మిల్లీమీటర్లంటే బ్యాగులో నిలబెట్టాక పక్కన ఇంకా స్క్రీనుకీ కీబోర్డుకీ చోటు మిగులుతుంది. కూలర్ మాస్టర్ ఎన్‌ఆర్200 చవగ్గా వస్తుంది, కట్టడం కూడా చాలా సుళువు, కానీ అది 18.25 లీటర్లు, కార్లో వెళ్లేవాళ్లకైతే అదే బెస్టు, బస్సుకి వద్దు.

టెర్రా లాంటి వాటిని శాండ్‌విచ్ లేఅవుట్ అంటారు. నడుమ ఒక రేకు, దానికి ఒకవైపు మదర్‌బోర్డు, ఇంకోవైపు గ్రాఫిక్స్ కార్డు వీపులు ఆనించుకున్నట్టు ఉంటాయి, రెండింటినీ కలిపేది రైజర్ కేబుల్. ప్రయాణానికి ఇదే ఎందుకు మంచిదంటే, మామూలు టవర్‌లో కార్డు అడ్డంగా గాల్లో వేలాడుతూ బరువంతా స్లాటు మీద పడుతుంది, నా పాత దానికి జరిగింది అదే. ఇందులో కార్డు నిలువుగా నిలబడుతుంది, బరువు స్లాటు మీద పడదు, బోర్డుకీ కార్డుకీ మధ్య మెత్తటి కేబులే ఉంటుంది కాబట్టి కుదుపు బోర్డుకి తగలదు. గ్లాసు ప్యానెల్ ఉన్నది మాత్రం ఎంత అందంగా ఉన్నా కొనకండి.

సామాన్ల సంగతికొస్తే, బోర్డు మినీ ఐటీఎక్స్, అంటే 170 × 170 మిల్లీమీటర్లు, ర్యామ్ స్లాట్లు రెండే. నాది బీ650 చిప్‌సెట్, అంటే కొత్త రైజెన్ ప్రాసెసర్లు కూర్చునే ఏఎం5 రకం. ఇక్కడ రేటు గుచ్చుకుంటుంది, పెద్ద బోర్డు కన్నా చిన్న బోర్డుకే ఏడెనిమిది వేలు ఎక్కువ పెట్టాల్సొచ్చింది నాకు. సికింద్రాబాద్ చినాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఒక పూటంతా తిరిగా, ఐటీఎక్స్ అంటే సగం షాపుల్లో "ఆర్డర్ మీద తెప్పిస్తాం బ్రదర్" అన్నారు, చివరికి ప్రాసెసరు, ర్యామ్ అక్కడ కొని మిగతావి ఆన్‌లైన్లో తెప్పించుకున్నా. ర్యామ్ రెండు స్లాట్లే కాబట్టి మొదట్లోనే 16 జీబీవి రెండు పెట్టేయండి, తర్వాత ఇంకోటి కలుపుదాం అంటే చోటుండదు. 2025 చివరి నుంచి ర్యామ్ రేట్లు మండిపోతున్నాయి, అందుకని పాత పీసీలో డీడీఆర్5 రకం ర్యామ్ ఉంటే దాన్నే పీకి వాడుకోండి. ఎత్తుగా లైట్లు వెలిగే ర్యామ్ మాత్రం వద్దు, పొట్టి కూలరు కింద పట్టదు.

ప్రాసెసరు రైజెన్ 5 7600. దీని కన్నా 7500ఎఫ్ చవగ్గా వస్తుంది, గేముల్లో దాదాపు అంతే, కానీ ఎఫ్ ఉన్నదాంట్లో సొంత గ్రాఫిక్స్ ఉండదు. ఇంట్లో పెట్టుకునే పీసీకైతే పర్లేదు, ప్రయాణంలో మాత్రం ఆ సొంత గ్రాఫిక్స్ స్టెప్నీ లాంటిది, కార్డుకో రైజర్‌కో ఏదైనా అయితే హెచ్‌డీఎంఐ తీసి బోర్డుకి గుచ్చి కనీసం ఆఫీసు పని చేసుకోవచ్చు. నాకు ఒకసారి నిజంగానే అక్కరకొచ్చింది, కింద చెప్తా.

కూలరు థర్మల్‌రైట్ ఏఎక్స్‌పీ90 ఎక్స్47, ఎత్తు 47 మిల్లీమీటర్లు. టెర్రాలో నడుమ రేకుని అటూ ఇటూ జరుపుకోవచ్చు, కార్డు లావుంటే కూలరుకి 48 మిల్లీమీటర్లే మిగులుతుంది, కార్డు సన్నగా ఉంటే 77 దాకా వస్తుంది. కాబట్టి కార్డు లావు, కూలరు ఎత్తు రెండూ కలిపి చూసి కొనండి, విడివిడిగా చూస్తే బోల్తా పడతారు. వాటర్ కూలింగ్ గురించి అడుగుతారని తెలుసు, నేనైతే పెట్టను, నెలకి రెండుసార్లు బస్సెక్కే డబ్బాలో నీళ్లెందుకు.

కార్డు ఆర్‌టీఎక్స్ 4060, రెండు ఫ్యాన్లది, పొట్టిది. 115 వాట్లు, 8 పిన్నుల పవర్ కేబుల్ ఒక్కటి చాలు. ఇప్పుడు కొనేవాళ్లకి 5060 దొరుకుతుంది, అది 145 వాట్లు. ఇంకా చిన్న కేసు కావాలంటే ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ రకం చూడండి, 70 వాట్లే కాబట్టి చాలా కార్డులకి విడిగా పవర్ కేబులే అక్కర్లేదు. క్రికెట్, వాలరెంట్ తప్ప ఇంకేం ఆడనివాళ్లు అసలు కార్డే పెట్టకుండా, సొంత గ్రాఫిక్స్ గట్టిగా ఉన్న రైజెన్ 7 8700జీ ప్రాసెసరు తీసుకుంటే సరిపోతుంది, సెట్టింగులు తగ్గించుకోవాలంతే. స్టోరేజీ ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ (నేరుగా బోర్డుకే గుచ్చే చిన్న పలక) మాత్రమే, తిరిగే హార్డ్ డిస్కు ఈ డబ్బాలో పెట్టడం అంటే గుడ్ల బుట్ట పట్టుకుని ఆటో వెనకాల వేలాడ్డమే.

పవర్ సప్లై గురించి కొంచెం ఎక్కువ రాస్తా, ఎందుకంటే జనం డబ్బులు తగ్గించేది ఇక్కడే. మామూలు ఏటీఎక్స్ది పట్టదు, ఎస్ఎఫ్ఎక్స్ అనే సైజు కావాలి, 125 × 100 × 63.5 మిల్లీమీటర్లు. నా లెక్కలో ప్రాసెసరు ఎంత లాగినా 88 వాట్లు, కార్డు 115, మిగతా అన్నీ ఒక యాభై, మొత్తం 250 చుట్టూ ఉంటుంది, కాబట్టి 450 వాట్లది చాలు, మనకి దొరికేవి ఎక్కువగా 650, 750 కాబట్టి అదే తీసుకున్నా. కొనేముందు స్టిక్కరు మీద ఇన్‌పుట్ దగ్గర 100-240 వోల్ట్స్ అని ఉందో లేదో చూడండి. కొన్ని చవక వాటి మీద 200-240 అనే ఉంటుంది, అది మన ఊళ్లలో పని చేస్తుంది, అమెరికాలో గోడకి వచ్చేది 120 వోల్టులే కాబట్టి అక్కడ చేయదు. ఎంఎస్‌కి వెళ్లే తమ్ముళ్లు పీసీ పట్టుకెళ్దామనుకుంటే ముందు చూడాల్సింది ఈ ఒక్క లైనే. స్టిక్కరు సరిగ్గా ఉంటే ట్రాన్స్‌ఫార్మర్లు, అడాప్టర్లు ఏం కొనక్కర్లేదు, పీసీ వెనక గుచ్చే పవర్ వైరు కొస ప్రపంచమంతా ఒకటే రకం, అక్కడి గోడకి సరిపోయే పవర్ వైరు అక్కడే ఒకటి కొనుక్కుంటే అయిపోతుంది.

ఇంకోటి, ఇది ప్రాణం మీదకి తెచ్చే తప్పు: పాత పవర్ సప్లైతో వచ్చిన మాడ్యులర్ (విడిగా ఊడొచ్చే) కేబుళ్లని కొత్తదానికి గుచ్చకండి. బోర్డు వైపు పిన్ను అందరిదీ ఒకటే, పవర్ సప్లై వైపు మాత్రం కంపెనీకో తీరు, చూడ్డానికి సరిగ్గా పడుతుంది, ఆన్ చేయగానే ఎస్ఎస్‌డీయో బోర్డో మాడిపోతుంది. ఊరెళ్లాక కేబుల్ మర్చిపోయానని ఫ్రెండ్ దగ్గర తీసుకునేటప్పుడు ఇది గుర్తుండాలి.

బిగించే వరస. కేసులోకి వెళ్లకముందే బోర్డు అట్టపెట్టె మీద పెట్టి ప్రాసెసరు, ర్యామ్, ఎస్ఎస్‌డీ, కూలరు పెట్టి, కార్డు లేకుండా బోర్డు హెచ్‌డీఎంఐ నుంచే ఒకసారి ఆన్ చేసి చూడండి. ఏఎం5 బోర్డులు మొదటిసారి ఆన్ చేసినప్పుడు ర్యామ్‌ని పరీక్షించుకుంటూ కొన్ని నిమిషాలు నల్ల స్క్రీనుతో కూర్చుంటాయి, నేను రెండో నిమిషానికే కంగారుపడి స్విచ్ ఆపేశా, మళ్లీ మొదటికొచ్చింది, అలా మూడుసార్లు చేసి బోర్డు పోయిందనుకుని వాపసు ఇవ్వడానికి ప్యాక్ కూడా చేశా. వెళ్లి టీ తాగి రండి. డిస్‌ప్లే వచ్చాక బయోస్ (బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేరు, బోర్డు సెట్టింగులన్నీ అందులోనే) అప్‌డేట్ చేసి, అప్పుడు విప్పి కేసులో పెట్టండి. ముందు పవర్ సప్లై, దాని కేబుళ్లు, తర్వాత బోర్డు. ప్రాసెసరు పవర్ 8 పిన్ను బోర్డు పూర్తిగా కూర్చోకముందే గుచ్చేయాలి, తర్వాత వేళ్లు దూరవు. ఆ పైన రైజరు, చివర్లో కార్డు. ఎస్ఎఫ్ఎక్స్ కేబుళ్లు కూడా ఈ డబ్బాకి పొడుగే, మిగిలిందంతా పవర్ సప్లై చుట్టూ కుక్కి వెల్‌క్రో పట్టీలతో కట్టేయాలి. ప్లాస్టిక్ టైలు కోసేటప్పుడు రైజర్‌కి గాటు పడే ప్రమాదముంది. కట్టాక డబ్బాని నాలుగు వైపులా తిప్పి, మెల్లగా ఊపి, ఆన్ చేసి వినండి, ఫ్యాన్‌కి కేబుల్ తగిలి టకటకమంటే ఇప్పుడే సరిచేసుకోవాలి, ఎందుకంటే బస్సులో ఆ కేబుల్ ఇంకా జారుతుంది.

రైజర్ సంగతి, స్టెప్నీ కథ. రైజర్ కేబుల్‌కి కూడా తరం ఉంటుంది, జెన్3, జెన్4 అని. టెర్రాతో వచ్చేది జెన్4. ఒకసారి అది నలిగిందని అనుమానమొచ్చి ఆన్‌లైన్లో చవకది ఒకటి తెప్పించా, జెన్4 అని రాశారు, పెట్టి ఆన్ చేస్తే స్క్రీను నల్లగా. కార్డు పోయిందని గుండె జారిపోయింది. తీరా హెచ్‌డీఎంఐ తీసి బోర్డుకి గుచ్చితే బయోస్ వచ్చింది, పీసీఐఈ (కార్డు గుచ్చే స్లాటు) సెట్టింగు ఆటో నుంచి జెన్3కి మార్చా, కార్డు పలికింది. ఆ వచ్చింది అసలు జెన్3 కేబులే. 7500ఎఫ్ కొనుంటే ఆ రోజు ఆ మెనూలోకి వెళ్లే దారే లేదు. ఇప్పుడు 5060 లాంటి జెన్5 కార్డు, జెన్5 స్లాటున్న బోర్డు, జెన్4 రైజరు కలిపి వాడేవాళ్లకి కూడా ఇదే తలనొప్పి రావచ్చు, అందుకని కార్డు పెట్టకముందే బయోస్‌లో స్లాటుని జెన్4కి ఫిక్స్ చేసేయండి.

తర్వాత వేడి. మా పల్నాడు ఎండ మీకు తెలుసుగా, రెంటచింతల పేరు ప్రతి మేలో పేపర్లో వస్తుంది. కూకట్‌పల్లి ఏసీ గదిలో 70 డిగ్రీలు చూపించిన కార్డు మా ఇంట్లో మే నెల మధ్యాహ్నం ఫ్యాను కింద 85 చూపించింది. ఇందులో వింతేం లేదు, గది పదిహేను డిగ్రీలు పెరిగితే లోపలా దాదాపు అంతే పెరుగుతుంది, ఏ కూలరూ గది కన్నా చల్లగా చేయలేదు. కాబట్టి పీసీని మీరుండే చోట్లలో అన్నిటికన్నా వేడి గదికి ట్యూన్ చేయాలి. బయోస్‌లో ఈకో మోడ్ ఉంటుంది, 45 వాట్లని పేరున్నది పెడితే ప్రాసెసరు అసలు లాగేది 61 వాట్లు దాటదు, గేముల్లో తేడా నాకైతే కనపడలేదు. కార్డుకి ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేరులో పవర్ లిమిట్ కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రండి, ఓపికుంటే అందులోనే కర్వ్ ఎడిటర్‌లో అండర్‌వోల్ట్ చేయండి (అంటే కార్డుకెళ్లే వోల్టేజి తగ్గించడం), ఒక్కో కార్డు ఒక్కో దగ్గర ఆగుతుంది, గంటసేపు గేమ్ ఆడి క్రాష్ అవ్వకపోతే అది మీ నంబరు. గేము ఫ్రేములు సెకనుకి 60కి లాక్ చేస్తే ఇంకా చల్లబడుతుంది, స్క్రీనే 60 హెర్ట్జ్ అయినప్పుడు 140 ఫ్రేములు దేనికి. నీళ్ల కూలరు గాలి మాత్రం నేరుగా పీసీ మీదకి పెట్టొద్దు, చల్లగా ఉంటుంది నిజమే, ఆ తేమంతా లోపలికే పోతుంది.

ఊళ్లో ఇంకో సమస్య షాక్. పీసీ రేకు మీద చెయ్యి వెనక్కి తిప్పి ఆనిస్తే జివ్వుమంటుంది, చాలామంది పీసీ పాడైందనుకుంటారు. పాడవలేదు, ప్లగ్గులో ఎర్త్ లేదు. పవర్ సప్లై లోపల నాయిస్ ఆపడానికి లైను నుంచీ న్యూట్రల్ నుంచీ రేకుకి చిన్న కెపాసిటర్లు ఉంటాయి, ఎర్త్ ఉంటే ఆ కొంచెం కరెంటు భూమిలోకి పోతుంది, లేకపోతే రేకు దాదాపు సగం వోల్టేజి మీద తేలుతూ ఉంటుంది. ఆ కొంచెం కరెంటుతో మామూలుగా మనిషికేం కాదు కానీ ఆ స్థితిలో హెచ్‌డీఎంఐ కేబుల్‌ని టీవీకి గుచ్చితే, ఆ టీవీకి డిష్ వైరు ఉంటే, పోర్టు మాడే అవకాశం ఉంది. రెండు పిన్నుల కన్వర్టర్ వాడకండి, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఒక్క ప్లగ్గుకైనా ఎర్త్ తీయించుకోండి, అదీ కుదరకపోతే కేబుళ్లన్నీ గుచ్చాకే మెయిన్ స్విచ్ వేయండి. ఇంట్లో ఇన్వర్టరుంటే, పాతకాలం స్క్వేర్ వేవ్‌దైతే, ఆ లైను మీద పీసీ పెట్టొద్దు. కరెంటు పోతే పోయింది, సేవ్ చేసుకోవడం అలవాటు చేసుకోండి.

స్క్రీను 15.6 అంగుళాల పోర్టబుల్ మానిటర్. దీనికి రెండు వైర్లు కావాలి, 4060 కార్డుకి టైప్ సీ లేదు కాబట్టి బొమ్మకి మినీ హెచ్‌డీఎంఐ, కరెంటుకి టైప్ సీ. ఆ మినీ హెచ్‌డీఎంఐ కేబుల్ పల్లెల్లో కాదు, టౌన్లో కూడా ఠక్కున దొరకదు, రెండు పెట్టుకోండి. టీవీకి పెడితే టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేయడం మర్చిపోవద్దు, లేకపోతే మౌసు కదిపిన కాసేపటికి బొమ్మ కదులుతుంది. అత్తగారింట్లో అయితే సెట్‌టాప్ బాక్సు వైరు పీకి మన వైరు పెట్టే ముందు సీరియల్ టైము కనుక్కోండి, ఇది టెక్నికల్ సలహానే. స్టీమ్‌లో (గేములు కొనుక్కుని ఆడే యాప్) ఆఫ్‌లైన్ మోడ్ బయల్దేరే ముందే ఒకసారి పెట్టి గేము తెరిచి చూడండి. నెట్టు మొబైల్ నుంచే అయితే హాట్‌స్పాట్ కన్నా యూఎస్‌బీ టెదరింగ్ నిలకడగా ఉంటుంది.

ప్యాకింగ్. వైఫై యాంటెన్నాలు విప్పి పక్కన పెట్టండి, అవి విరిగేది బ్యాగులోనే. వెనక పోర్టులవైపు మెత్తటి గుడ్డ, లోపల రెండు సిలికా జెల్ పొట్లాలు. బస్సులో డిక్కీలో పెట్టనివ్వకండి, నేను స్లీపర్‌లో కాళ్ల దగ్గర పెట్టుకుంటా. రైల్లో బెర్త్ పక్కనుండే ప్లగ్గు ఫోనుకీ ల్యాప్‌టాప్‌కీ మాత్రమే, ఇది గుచ్చే ఆలోచన కూడా వద్దు.

ఫ్లైట్‌కి నాది అన్నీ బిగించాక ఆరు కిలోలు, ఏడు కిలోల్లో ఇంక మౌసు, చిన్న కీబోర్డు తప్ప ఏం పట్టవు, బట్టలూ స్క్రూడ్రైవర్లూ చెక్ఇన్‌లోకి. డెస్క్‌టాప్‌లో లిథియం బ్యాటరీ ఉండదు, బోర్డు మీద బిళ్లంత సెల్లు తప్ప, ఆ రకంగా ల్యాప్‌టాప్ కన్నా తక్కువ తంటా. పవర్ బ్యాంకు మాత్రం చేతి బ్యాగులోనే, 100 వాట్ అవర్ లోపు. సెక్యూరిటీ దగ్గర వాళ్లడక్కముందే పీసీని బయటికి తీసి ట్రేలో పెట్టండి. మొదటిసారి ఒకాయన దాన్ని అటూ ఇటూ తిప్పి ఇదేంటని అడిగాడు, నేను మినీ ఐటీఎక్స్ అని మొదలెట్టా, ఆయన మొహం మారింది, వెనకాల లైను పెరుగుతోంది, ఆఖరికి "సీపీయూ సార్" అన్నా, "ఓ సీపీయూనా" అని వదిలేశాడు. మన దగ్గర డబ్బా మొత్తాన్నీ సీపీయూ అనే అంటారు కదా, ఆ మాటే వాడండి. విదేశాలకి పట్టుకెళ్లి తిరిగొచ్చేవాళ్లు బిల్లులు దగ్గర పెట్టుకోండి, వెళ్లేటప్పుడే కస్టమ్స్‌లో ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకుంటే వచ్చేటప్పుడు ఎక్కడ కొన్నావనే గొడవ ఉండదు.

దిగాక వెంటనే ఆన్ చేయకండి. రాత్రంతా ఏసీ బస్సులో చల్లబడిన రేకు మీద పొద్దున బయటి తేమ పట్టేస్తుంది, చల్లని గ్లాసుకి చెమట పట్టినట్టు. బ్యాగులోంచి తీసి అరగంట అలా వదిలేయండి, ఈలోపు మొహం కడుక్కుని టిఫిన్ చేసేయొచ్చు.